ఆ కోర్టు సినిమా చూసినవారు చెప్పండి, నిరాశ నాకొక్కడికేనా?

పెన్నాతీరం
శుక్రవారం విడుదలైన కోర్టు సినిమా గురించే అడుగుతున్నాను. పేరు కావాలనే రాయడం లేదు. పోయినసారి వేరొక సినిమా పేరు రాసిన పాపానికి అభిమానులు వచ్చి మూడు రోజులపాటు నా వంశవృక్షాన్ని పరిశీలించారు. మన నెల్లూరు తీరంలో జరిగే కథ, రొయ్యల గుంటల దగ్గర హత్య, దానిపై సెషన్స్ కోర్టులో విచారణ అని వినగానే మా మేనమామను వెంటబెట్టుకుని మొదటి రోజే వెళ్ళాను. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా కోర్టులో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. విరామం వరకు కదలకుండా చూశారు. ఆ తరువాత పావుగంటకు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. బయటికి వచ్చి కారం దోశ తింటున్నప్పుడు కూడా మాట్లాడలేదు. చివరికి చేయి కడుక్కుంటూ, "కట్ట కట్టిన తాడు బాగుంది అబ్బాయ్, కట్టలో కాగితాలే లేవు" అన్నారు.

నాకు అర్థం కానిది ఒక్కటే. మొదటి గంట అంత శ్రద్ధగా తీసినవారు రెండో సగంలో ఎందుకు అలా చేతులెత్తేశారు? అసలు హంతకుడు ఎవరో తేలినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు, మోసపోయినట్లు అనిపించింది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

వేదిక_నిర్వాహకుడు
కథ మొత్తం బయటపడే చర్చ కనుక ఇంకా చూడనివారు ఇక్కడి నుంచే వెనక్కి వెళ్ళవలసిందిగా మనవి. నటీనటుల కుటుంబాల ప్రస్తావన వస్తే ఆ వ్యాఖ్యను తొలగిస్తాను.

చీమకుర్తి_రాయి
చూడనివారికి ఏ ఇబ్బందీ లేదు. వెనక్కి వెళ్ళే దారి వెతుక్కుంటున్నది చూసినవారే.

ఒంగోలు_గిత్త
నేను కర్నూలు రోడ్డులో రాత్రి ఆట చూశాను. నాకు నచ్చింది, దాచుకోవలసిన అవసరం లేదు. పతాక సన్నివేశంలో కథానాయకుడు నల్లకోటు జేబులో నుంచి ఫోను తీసి న్యాయమూర్తి ముందు పెట్టినప్పుడు మా హాలులో ఈలలు ఆగలేదు. ఒక్క తన్నుతో పదిమందిని గాలిలోకి లేపే వీరుణ్ణి నలభై ఏళ్ళుగా ఒప్పుకున్నవాళ్ళం, ఒక లాయరు కాస్త గొంతు పెంచి మాట్లాడితే మాత్రం చట్టం పుస్తకం తెరుస్తున్నాం. సినిమాను సినిమాగా చూడండి. పెన్నాతీరం గారి మామయ్యగారు కోర్టును ముప్పై ఏళ్ళు చూశారు కాబట్టి ఆయనకు విసుగు పుట్టి ఉంటుంది, అది సినిమా తప్పు కాదు.

చీమకుర్తి_రాయి
రెండో సగం లాగిన తీరు చూస్తే, బండలాగుడు పోటీల్లో మా ఊరి గ్రానైటు రాయిని లాగే గిత్తలకు కూడా అంత ఆయాసం రాదు. ఈ మాట మీ పేరును ఉద్దేశించి అన్నది కాదు, గిత్తగారూ.

కొత్తపట్నం_కెరటం
నాకు ఇందులో ఒకే ఒక్క మనిషి నిజంగా కనిపించింది, చనిపోయిన రైతు కూతురు. కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుని, కేసు పిలుస్తారో లేదో తెలియక, టిఫిన్ క్యారియరు మూత తీయాలా వద్దా అని తటపటాయించే దృశ్యం ఉంది కదా, అక్కడ ఆమె ఒక్క మాటా మాట్లాడదు. లోపల బంట్రోతు పేరు పిలిచిన ప్రతిసారీ తలెత్తి చూసి, తమది కాదని తెలిసి మళ్ళీ దించుకుంటుంది. మా అమ్మ భూమి తగాదాలో తిరిగినన్నాళ్ళూ నేను ఆమె పక్కన అలాగే కూర్చున్నాను. అంత చక్కగా మొదలుపెట్టిన పాత్రను విరామం తరువాత పూర్తిగా మరిచిపోయారు. ఆమె సాక్ష్యం కూడా తీసుకోలేదు, గమనించారా? తండ్రి ఆ రాత్రి ఎవరితో మాట్లాడాడో, ఎందుకు ఆలస్యంగా గుంట దగ్గరికి వెళ్ళాడో ఇంట్లో తెలిసిన ఏకైక మనిషి ఆమె. చివరి గంటలో ఆమె చేసిన పనల్లా కథానాయకుడు మాట్లాడుతుంటే కళ్ళు తుడుచుకోవడమే.

రొయ్యల_గుంట
చట్టం సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన సంగతి చెబుతాను. శవం మూడు రోజులపాటు గుంటలో ఉండి ఎవరికీ కనిపించలేదని కథ అంతా దాని మీద నిలబెట్టారు. నడుస్తున్న గుంటలో రోజుకు మూడు నాలుగుసార్లు మేత వేస్తాం. మేత తిన్నదీ లేనిదీ చూడడానికి చెక్ ట్రేలు పైకి లాగుతాం. రాత్రంతా నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూనే ఉంటాయి, అవి ఆగితే తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుందని కాపలా మనిషి గట్టు మీదే పడుకుంటాడు. నీళ్ళు మహా అయితే నాలుగైదు అడుగులు. అటువంటి చోట మనిషి శవం మూడు రోజులు దాగిందంటే ఆ గుంటకు మేత వేసేవాడు లేడన్నమాట. మేత వేసేవాడు లేకపోతే మేత బాకీ ఎక్కడిది? ఆ బాకీ కోసమే మేత వ్యాపారి చంపాడని కదా కేసు!

గుంటలో రొయ్యపిల్ల వదిలిన నెలకే పట్టుబడి చేసి లారీలకు ఎత్తిన దృశ్యం గురించి ఏమీ అనను. మాకు మూడు నాలుగు నెలలు పడుతున్నది. ఆ పిల్ల ఎక్కడ దొరుకుతుందో దర్శకుడు చెబితే ఊరంతా వెళ్ళి తెచ్చుకుంటాం.

మూలాపేట_మాస్టారు
రొయ్యల_గుంట గారు తమ పేరులోనే ఒక ఆధారం పెట్టుకున్నారు. మనం "గుంట" అంటాం. సినిమాలో మన తీరం మనుషులందరూ "చెరువు" అంటారు, అది గోదావరి జిల్లాల వాడుక. పైగా హంతకుడికి ఒక యాస, హతుడికి ఒక యాస, ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు. అన్నగారు సీమ మాట మాట్లాడుతుంటే తమ్ముడు కృష్ణా తీరం మాట మాట్లాడాడు. అక్కడే నాకు అనుమానం వచ్చింది, వీరిద్దరూ అన్నదమ్ములు కారేమో, అదే ముడి ఏమోనని. కాదు, అది అజాగ్రత్త మాత్రమే.

పెన్నాతీరం అడిగిన ప్రశ్నకు నాకు తోచిన సమాధానం ఇది. కథానాయకుడు హత్య జరిగిన రాత్రి గట్టు మీదే ఉన్నాడు, అన్నే తమ్ముణ్ణి చంపడం కళ్ళారా చూశాడు, ఫోనులో చిత్రీకరించాడు. ఈ సంగతి మనకు చివర చెప్పారు. చివర చెప్పడంలో తప్పు లేదు. కానీ విరామానికి ముందు అతడు ఒంటరిగా తన గదిలో కూర్చుని, గోడ మీద కాగితాలు అంటించి, హంతకుడు ఎవరా అని తెల్లవార్లూ తల పట్టుకున్నాడు. ఆ గదిలో అతడూ మనమూ తప్ప మరెవరూ లేరు. మరి ఎవరి కోసం నటించాడు? పాత్ర మరొక పాత్రతో అబద్ధమాడితే అది కథ. ఎవరూ లేనప్పుడు కూడా అబద్ధమాడితే ఆ అబద్ధం ఆడింది దర్శకుడు, ఆడింది మనతో. నాయనా, నీకు మోసపోయినట్లు అనిపించడానికి కారణం అదే.

పెన్నాతీరం
మాస్టారూ, ఆ గది దృశ్యం నాకు తట్టనే లేదు. ఇప్పుడు ఇంకా కోపం వస్తున్నది.

దర్గామిట్ట_లాయరు
నేను జిల్లా కోర్టులో జూనియరుగా ఉన్నాను, క్రిమినల్ వైపు. సినిమాల్లో సుత్తి కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అనడం, గీత మీద ప్రమాణం చేయించడం వంటివి చూసి నవ్వుకోవడం మానేసి చాలాకాలమైంది. మన కోర్టు హాళ్ళలో సుత్తి ఉండదు, 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దైవసాక్షిగానో అంతఃకరణసాక్షిగానో చెబితే చాలు. అవి అలంకారాలు, పోనివ్వండి. నా అభ్యంతరం వేరు. ఈ సినిమాలో జరిగిన తప్పులన్నీ కథను చప్పబరిచిన తప్పులు.

మొదటిది. హత్య కేసును సెషన్స్ కోర్టులో నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూటరు. కూతురు పెట్టుకున్న ప్రైవేటు లాయరు ఆయనకు సహాయం చేయవచ్చు, ఆయన చెప్పినట్లు నడుచుకోవాలి, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతిస్తే రాతపూర్వకంగా వాదన ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 301వ సెక్షను. అంటే మన కథానాయకుడు వెనక కుర్చీలో కూర్చుని, తనకంటే తెలివి తక్కువ మనిషి అడగవలసిన ప్రశ్న అడగకుండా కూర్చుంటుంటే చీటీ రాసి అందించాలి. ఆ చీటీని ఆయన చదవకుండా ఫైలులో పెట్టుకోవచ్చు. ఈ నిస్సహాయతలో ఎంత ఉత్కంఠ ఉందో ఆలోచించండి. సినిమాలో పబ్లిక్ ప్రాసిక్యూటరు మొత్తం రెండుసార్లు కనిపించి, రెండుసార్లూ చెమట తుడుచుకున్నాడు.

రెండవది. ముద్దాయిని బోనులోకి లాగి "నువ్వే చంపావు కదూ" అని అరిచారు. ముద్దాయి తనంతట తాను సాక్షిగా వస్తానని రాసి ఇస్తే తప్ప అతణ్ణి ఎవరూ సాక్షిగా ప్రశ్నించలేరు, రాజ్యాంగం 20వ అధికరణం అతడికి ఆ రక్షణ ఇచ్చింది. ప్రొసీజర్ కోడు 313వ సెక్షను కింద న్యాయమూర్తి మాత్రం ప్రమాణం లేకుండా అడుగుతారు.

మూడవది అన్నిటికంటే ఘోరం. ఉరిశిక్ష ఎవరికి వేశారో గమనించారా? బోనులో ముద్దాయిగా ఉన్నది మేత వ్యాపారి. ఉరి పడినది హతుడి అన్నకు. అతడు ఆ కేసులో ప్రాసిక్యూషన్ తరఫు మొదటి సాక్షి. సాక్ష్యంలో మరొకరి పాత్ర బయటపడితే అదే కోడు 319వ సెక్షను కింద అతణ్ణి ముద్దాయిగా చేర్చవచ్చు, కాదనను. కానీ అతడి వరకు విచారణ మొదటి నుంచి జరగాలి, సాక్షులను మళ్ళీ విచారించాలి. నేరం రుజువైన తరువాత కూడా శిక్ష గురించి విడిగా వినాలి. ఉరి అయితే హైకోర్టు ధ్రువీకరించాలి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అత్యంత అరుదైన సందర్భాలకే దాన్ని పరిమితం చేసింది. ఇక్కడ న్యాయమూర్తి ఆ వీడియో ఒక నిమిషం చూసి కలం విరిచేశారు.

చీమకుర్తి_రాయి
సాక్షిగా పిలిస్తే వెళ్ళవద్దని మా నాన్న ఎందుకు చెప్పారో ఈ రోజు అర్థమైంది.

కావలి_విద్యార్థి
లా మూడో సంవత్సరం చదువుతున్నాను కనుక నా చిన్న వంతు. సినిమాలో హత్య 2019లో, విచారణ 2022లో జరిగినట్లు అక్షరాలు వేశారు. కథానాయకుడు మాత్రం గంభీరంగా "భారతీయ న్యాయ సంహిత 103" అంటాడు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2024 జులై 1న. 2019 నాటి హత్యకు పాత శిక్షాస్మృతి 302 వర్తిస్తుంది. అంటే మన హీరో రెండేళ్ళ తరువాత రాబోయే చట్టాన్ని ముందే చదివేశాడు. ఇంకొకటి, ఆ వీడియో అసలు సాక్ష్యంగా చెల్లదు. ఎలక్ట్రానిక్ రికార్డుకు పాత సాక్ష్య చట్టం 65బి సెక్షను కింద ధ్రువపత్రం తప్పనిసరి అని 2020 జులైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. ధ్రువపత్రం ఊసే లేదు కనుక పతాక సన్నివేశమే చెల్లదు.

దర్గామిట్ట_లాయరు
తమ్ముడూ, 302 సంగతి నేను పట్టుకోలేకపోయాను, బాగా చూశావు. వీడియో విషయంలో మాత్రం ఆ తీర్పును సగం దగ్గరే ఆపేశావు. ధ్రువపత్రం అవసరమయ్యేది నకలు దాఖలు చేసినప్పుడు. వీడియో తీసిన అసలు ఫోనునే కోర్టుకు తెచ్చి, ఆ ఫోను సొంతదారు స్వయంగా సాక్షి బోను ఎక్కి, ఇది నాది, నేనే నడిపాను, నేనే తీశాను అని రుజువు చేస్తే ధ్రువపత్రం అక్కరలేదని అదే తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఆలోచించు. ఆ ఫోను ఎవరిది? కథానాయకుడిది. అతడు బోను ఎక్కితే వీడియో చెల్లుతుంది. కానీ తాను సాక్షి అవుతానని తెలిసిన కేసులో లాయరు హాజరు కాకూడదని బార్ కౌన్సిలు నియమం. కనుక అతడు వకాల్తా వదులుకోవాలి, నల్లకోటు తీసేయాలి, మామూలు చొక్కాతో బోనులో నిలబడాలి, మేత వ్యాపారి లాయరు అడిగే ఎదురు ప్రశ్నలన్నిటికీ సమాధానం చెప్పాలి. "మూడేళ్ళు ఎందుకు దాచావు?" అన్నది మొదటి ప్రశ్న. ఇంతకంటే మంచి పతాక సన్నివేశం ఎవరైనా రాయగలరా? చట్టమే దాన్ని రాసి చేతిలో పెట్టింది, వీళ్ళు తీసుకోలేదు.

కావలి_విద్యార్థి
ఒప్పుకుంటున్నాను. పరీక్షలో కూడా నేను ఆ తీర్పును సగమే రాశాను, మార్కులు ఎందుకు పోయాయో ఇప్పుడు తెలిసింది.

ఒంగోలు_గిత్త
లాయరు గారూ, మీరు ఒక్క సంభాషణ వినలేదు. రెండో సగం మొదట్లో మంత్రి ఫోను చేసి, నిన్ను ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటరుగా వేయిస్తున్నాను అంటాడు. కాబట్టి మీ మొదటి అభ్యంతరం కొట్టివేయడమైనది.

దర్గామిట్ట_లాయరు
విన్నాను. ప్రత్యేక ప్రాసిక్యూటరుగా నియమించాలంటే పదేళ్ళకు తక్కువ కాకుండా ప్రాక్టీసు ఉండాలి. ఈయన నల్లకోటు వేసుకుని రెండేళ్ళే అయిందని మొదటి పాటలోనే చూపించారు. మీ అభ్యర్థన కొట్టివేయడమైనది.

ఒంగోలు_గిత్త
పై కోర్టుకు వెళతాను.

కనిగిరి_కలం
ఈ చర్చ అంతా చదివాక నా సంగతి ఒకటి రాయాలనిపించింది. కొన్నేళ్ళ క్రితం రోడ్డు మీద లారీ, మోటారు సైకిలు గుద్దుకున్న ప్రమాదం నా కళ్ళ ముందు జరిగింది. పోలీసులు నా పేరు రాసుకున్నారు. సమను వచ్చింది నాలుగేళ్ళ తరువాత. మొదటి వాయిదాకు వెళితే న్యాయమూర్తి సెలవు. రెండో వాయిదాకు లారీ యజమాని తరఫు లాయరు రాలేదు. మూడోసారి పిలిచారు. నేను నిజమే చెప్పాలని వెళ్ళాను, నిజమే చెప్పాను. ఆ లాయరు చాలా మర్యాదగా అడిగారు, "ఆ సమయంలో వీధిదీపం మీకు ఎడమవైపు ఉందా, కుడివైపు ఉందా?" నాకు గుర్తు లేదు. "లారీ ఆగిన తరువాత మీరు ఎన్ని అడుగులు నడిచారు?" గుర్తు లేదు. "మనిషి పడిపోయిన దృశ్యం మాత్రం స్పష్టంగా గుర్తుందంటారు?" అవునన్నాను. ఆయన న్యాయమూర్తి వైపు చూసి కూర్చున్నారు, అంతే. గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. నేను చెప్పిన నిజం నాకే అబద్ధంలా వినిపించింది. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు.

సినిమాలో ఎదురు ప్రశ్నల దృశ్యాలు ఏడు ఉన్నాయి, లెక్కపెట్టాను. ప్రతిదానిలో సాక్షి మూడో ప్రశ్నకే ఏడ్చి నిజం ఒప్పుకుంటాడు. నన్ను అడిగినటువంటి ప్రశ్న ఒక్కటి కూడా లేదు. గిత్తగారు కోర్టు తెలిసినవారికే విసుగు పుడుతుందన్నారు, నేను కోర్టు గడప మూడుసార్లు మాత్రమే తొక్కినవాణ్ణి.

ఒంగోలు_గిత్త
కలం గారి అనుభవానికి ఎదురు చెప్పను. అటువంటి దృశ్యం ఒక్కటి ఉంటే నేను కూడా ఈల వేయకుండా కూర్చునేవాణ్ణి, అది నిజమే. అయినా రెండున్నర గంటల్లో నాలుగేళ్ళ వాయిదాలు చూపించాలంటే ప్రేక్షకుడు దుప్పటి తెచ్చుకోవాలి కదా. కొంత కత్తిరించక తప్పదు.

రొయ్యల_గుంట
కత్తిరించడం వేరు, నియమం తీసేయడం వేరు. చిన్నప్పుడు గుడి అరుగు మీద పులిజూదం ఆడేవాళ్ళం, అరుగు రాతి మీద చెక్కిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. పులికి గీత వెంట కదిలే హక్కే ఉంది, మేక వెనక ఖాళీ ఉంటేనే దూకగలదు. అందుకే మేకలన్నీ చేరి పులిని కట్టివేస్తుంటే చుట్టూ నిలబడినవాళ్ళకు ఊపిరి ఆడదు. ఈ సినిమాలో పులి గీతల మీద లేదు, అరుగు మీదా లేదు, ఎక్కడికి కావాలంటే అక్కడికి దూకింది. ఇక ఏ మేక పోతే మాత్రం ఎవరికి భయం?

మూలాపేట_మాస్టారు
రొయ్యల_గుంట గారి మాటకు నా వంతు ఆసరా. మన జాతికి తెలిసిన గొప్ప న్యాయస్థాన ఘట్టం ద్రౌపది సభలో వేసిన ప్రశ్న. ధర్మరాజు ముందు తనను తాను ఓడి తరువాత నన్ను ఓడాడా, లేక నన్ను ఓడిన తరువాత తాను ఓడాడా అన్నది పూర్తిగా న్యాయసూత్రానికి సంబంధించిన ప్రశ్న. తనను తాను కోల్పోయినవాడికి మరొకరిని పణంగా పెట్టే అధికారం ఉంటుందా? ఆ ఒక్క ప్రశ్నకు భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తేల్చలేకపోయాడు. సభ అంతా మౌనం. అక్కడ ఉత్కంఠ పుట్టింది నియమం ఉన్నందువల్లనే. తిక్కన నడిచిన ఊళ్ళో కథ పెట్టుకుని, ఇంత చిన్న సంగతి మరిచిపోవడం బాధగా ఉంది.

కావలి_విద్యార్థి
మాస్టారూ, సభాపర్వం నన్నయగారిది కదండీ. తిక్కనగారు విరాటపర్వం నుంచి కదా చేపట్టింది.

మూలాపేట_మాస్టారు
అవును నాయనా. తిక్కన రాశాడని నేను అనలేదు, నడిచాడని అన్నాను. అయినా రికార్డు సరిచేసినందుకు సంతోషం.

చీమకుర్తి_రాయి
ఎదురు ప్రశ్న అంటే ఇదీ. సాక్షి ఏడవలేదు కూడా.

కొత్తపట్నం_కెరటం
మీరందరూ హీరో బోను ఎక్కాడా లేదా అని మాట్లాడుతున్నారు. నాకు వేరే సంగతి నిద్ర పట్టనివ్వడం లేదు. అన్నే చంపాడని అతడికి మొదటి రోజే తెలుసు. మరి మేత వ్యాపారి మూడేళ్ళు జైలులో ఎందుకున్నాడు? అతడి భార్య ఒక దృశ్యంలో పుస్తెలు కుదువపెట్టి లాయరుకు ఫీజు కట్టింది. కూతురు అతణ్ణి హంతకుడని నమ్మి, అతడి పిల్లల మీద ఉమ్మింది. హంతకుడు కోర్టులో అబద్ధమాడితే పట్టుకుందామని ఇంతమందిని ఎండబెట్టిన మనిషికి చివర పూలదండ వేసి ఊరేగించారు. ఆ వ్యాపారి బయటికి వచ్చాక ఒక్క మాటైనా అంటాడని చూశాను. దండం పెట్టి వెళ్ళిపోయాడు.

పెన్నాతీరం
కెరటం గారూ, మా మామయ్య కళ్ళజోడు తీసిన చోటు సరిగ్గా అదే. పుస్తెల దృశ్యం తరువాత మరి పెట్టుకోలేదు.

ఒంగోలు_గిత్త
దండం పెట్టిన చోట నాకు కూడా కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. ఈలల్లో కొట్టుకుపోయాను. రెండోసారి చూడాలనుకున్నాను, ఇప్పుడు ఆలోచిస్తాను. నేపథ్య సంగీతం మాత్రం బాగుంది, ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోను.

కనిగిరి_కలం
సంగీతం బాగుంది. అది మోగని చోట ఏమి జరుగుతున్నదో తెలియకపోవడమే ఇబ్బంది.

దర్గామిట్ట_లాయరు
ఇంకొక్క చిన్న మాట. కథానాయకుడు చివరి ప్రసంగం న్యాయమూర్తికి వీపు పెట్టి, వెనక కూర్చున్న జనం వైపు తిరిగి పదకొండు నిమిషాలు చేశాడు. ఎవరిని ఒప్పిస్తున్నాడు? జ్యూరీ ఉన్న దేశాల సినిమాలు చూసి రాసుకున్నట్లున్నారు. మనకు 1973 నాటి ప్రొసీజర్ కోడులో జ్యూరీయే లేదు. మన దగ్గర ఒప్పించవలసింది ఒక్క మనిషిని. ఆయన తల వంచుకుని రాసుకుంటూ ఉంటారు. ఆయన కలం ఎప్పుడు ఆగుతుందా, ఏ మాట దగ్గర తలెత్తి చూస్తారా అని మేము ఊపిరి బిగబట్టుకుని చూస్తాం. తల ఎత్తితే మంచిదో చెడ్డదో కూడా తెలియదు. ఆ ఒక్క చూపును ఏ దర్శకుడైనా తీస్తే మొదటి టికెట్టు నేనే కొంటాను.

పెన్నాతీరం
నిన్న సాయంత్రం ఈ చర్చ మొత్తం మామయ్యకు చదివి వినిపించాను. సాక్షికి ఉరిశిక్ష దగ్గర నవ్వారు. లాయరు గారు రాసిన కోటు తీసి బోను ఎక్కే సంగతి దగ్గర ఆపమన్నారు. కాసేపటికి తనే చెప్పారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వీలునామా దావా నడిచిందట. కక్షిదారు తరఫున వాదిస్తున్న పెద్ద లాయరే పూర్వం ఆ వీలునామా మీద సాక్షి సంతకం చేసి ఉన్నారు. రెండో సాక్షి చనిపోయాడు. ఎదుటి పక్షం సంతకాలు నిజం కావని పట్టుబట్టేసరికి ఈయన వకాల్తా వదులుకోవలసి వచ్చింది. వాయిదా రోజున ఆయన తెల్లచొక్కా, పంచెతో వచ్చి, రోజూ తాను నిలబడి వాదించే బల్ల పక్కగా నడిచి బోను ఎక్కారట. ఎదురు ప్రశ్నలు వేయవలసిన లాయరు ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి. మొదటి ప్రశ్నకు ముందు ఆ శిష్యుడు మంచినీళ్ళు రెండుసార్లు తాగాడని మామయ్యకు ఇప్పటికీ గుర్తుంది. మిగతా హాళ్ళ లాయర్లందరూ వచ్చి గోడల వెంట నిలబడ్డారట. వీలునామా రాసిన రోజు ఆ ముసలాయనకు చూపు ఉందా లేదా అన్న ఒక్క విషయం మీద భోజన విరామం దాకా సాగింది. గురువుగారు ఒకచోట తడబడ్డారు, శిష్యుడు చూసి కూడా ఆ చోట నొక్కలేదు, తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఎందుకు వదిలేశాడో ఇన్నేళ్ళుగా అర్థం కాలేదని మామయ్య అన్నారు.

ఆ తరువాత ఏమైందని అడిగాను. "ఏముంది, సాయంత్రం అయింది, వాయిదా వేశారు" అని లేచి వెళ్ళిపోయారు.

ఒంగోలు_గిత్త
తరువాతి వాయిదా ఎప్పుడో మామయ్యగారిని అడిగి చెప్పండి, దానికి మాత్రం వస్తాను.